పన్నూ, బతా, మా తాతయ్య

రియాద్‌కి వచ్చిన కొత్తలో, అంటే 2009లో, ఆఫీసులో ఒకాయన "శుక్రవారం బతాకి వస్తావా?" అని అడిగితే నాకు ముందు గుర్తొచ్చింది బత్తా. క్యాంపుకెళ్ళిన గుమాస్తాకి రోజుకింత అని ఇచ్చే బత్తా. సౌదీలో శుక్రవారం శుక్రవారం బత్తా పంచిపెడతారు కాబోలు, మంచి దేశమే అనుకున్నాను. తీరా చూస్తే అదొక పేట. (ఎమిరేట్స్ సరిహద్దు మీద ఇంకో బతా ఉంది, లారీలు బారులు తీరి నిలబడే చోటు. నేను చెప్పేది రియాద్ నడిబొడ్డున ఉన్న బతా.) వాగు పారే ఇసుక నేలని అరబ్బీలో అలా అంటారట. ఒకప్పుడు వానొస్తే వాగు పారిన దారే ఇప్పుడు బతా వీధి. దానికి పడమరగా నాలుగడుగులు వేస్తే మస్మక్ కోట. 1902లో అబ్దుల్ అజీజ్ కొద్దిమంది మనుషులతో రాత్రికి రాత్రి పట్టుకున్న కోట అదే. ఈ దేశం కథ అక్కడ మొదలైంది. మన కథ మాత్రం వీధికి ఇవతలే.

బతాలో ఒక సందు కేరళది, ఒక సందు బంగ్లాదేశ్‌ది, ఇంకొకటి ఫిలిప్పీన్స్‌ది. సందులకి బోర్డులుండవు, చెవులతో కనుక్కోవాలి. మలయాళం వినబడుతుంటే నడుస్తూ ఉండండి, ఓ నాలుగు దుకాణాల తర్వాత కరీంనగర్ తెలుగు వినబడుతుంది, ఇంకాస్త ముందుకెళితే కడప తెలుగు. మా శ్రీకాకుళం వాళ్ళు ఎక్కువగా డబ్బులు పంపే దుకాణాల దగ్గర, గోడకి చేరబడి నిలబడి ఉండేవాళ్ళు. వెల్డర్లు, రిగ్గర్లు, ఫిట్టర్లు. సోంపేట, కవిటి, మందస వైపు వాళ్ళు. నాదీ ఆ వైపే కాబట్టి నాకు వరసలు దొరికేశాయి. నేను ఏసీ గదిలో కూర్చుని చేసే పని వాళ్ళకి పెద్దగా అర్థం కాలేదు. "జీతాల లెక్కలు కంప్యూటర్లో పెడతాను" అని చెబితే మాత్రం అందరూ నా వైపు ఒక అడుగు జరిగారు.

నిజంగానే నా పని అది. మా కంపెనీ ఒక పెద్ద కాంట్రాక్టరుకి జీతాల సాఫ్ట్‌వేర్ అమర్చేది. ఆ ప్యాకేజీ నలభై దేశాల కోసం తయారైనది కనుక అందులో ఆదాయపు పన్నుకి ఒక గడి ఉంటుంది. సౌదీకి వచ్చేసరికి అందులో సున్నా పెట్టాలి. నేను ఆ గడినే తీసేద్దామన్నాను. క్లయింటు దగ్గర లెక్కలు చూసే పెద్దాయన, పాతబస్తీ నుంచి వచ్చి పాతికేళ్ళుగా రియాద్‌లో ఉన్నాయన, వద్దన్నారు. "ఉండనీ మియా. ఒకసారి ఐదారు రోజులు ఆ గడి నిండింది" అన్నారు.

ఆ ఐదారు రోజుల సంగతి తర్వాత నేను తవ్వుకున్నాను. అదీ ఇవాళ చెప్పదలచుకున్నది. అది చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఈ దేశంలో పన్ను మీద మొట్టమొదటి పెద్ద గొడవ 1926-27లో జరిగింది. అబ్దుల్ అజీజ్‌కి రాజ్యం గెలిచిపెట్టిన ఇఖ్వాన్ అనే యోధులు ఆయన మీదే తిరగబడే దశకి వచ్చారు. మోటారు కార్లెందుకు, టెలిగ్రాఫు ఎందుకు, జకాత్ కాకుండా ఈ సుంకాలెందుకు అని వాళ్ళ ఫిర్యాదులు. జకాత్ మతం విధించినది. దాని పైన ఏలినవారు వేసే సుంకాన్ని 'మక్స్' అంటారు, సంప్రదాయంలో అది చెడ్డ మాట. రాజు ఉలేమాని అడిగాడు. వాళ్ళు 1927లో ఇచ్చిన ఫత్వా నాకు భలే నచ్చింది. టెలిగ్రాఫు కొత్త వస్తువు, దాని స్వభావం మాకు తెలియదు కనుక ఏమీ చెప్పలేం అన్నారు. (తెలియని విషయం మీద అభిప్రాయం చెప్పకుండా ఊరుకున్న పండితుల్ని చూసి నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది.) పన్నుల విషయంలో మాత్రం తేల్చి చెప్పారు: ఇవి ధర్మవిరుద్ధం, రాజు వీటిని ఎత్తేయాలి. ఆ వెంటనే ఇంకో వాక్యం: ఎత్తేయకపోయినా సరే, అది సాకుగా పెట్టుకుని జనం ఆయన మీద తిరగబడకూడదు.

అంటే తప్పు అని చెప్పే అధికారం ఉంది, ఆపే అధికారం లేదు. ఆ తర్వాతి వందేళ్ళ సౌదీ బడ్జెట్ చరిత్రంతా ఈ రెండు వాక్యాల మధ్యే నడిచిందని నాకనిపిస్తుంది.

చమురు పడ్డాక ఇంకో మలుపు. 1950 నవంబరులో ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. దాని అసలు గురి అరామ్‌కో. డిసెంబరు చివర్లో దాన్ని సవరించి, కంపెనీ లాభంలో సగం సగం అన్నారు. ఇందులో తమాషా ఏమిటంటే, అరామ్‌కో యజమానులైన అమెరికా కంపెనీలు పెద్దగా ఏడవలేదు. విదేశంలో కట్టిన పన్నుని సొంత దేశంలో కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చని అమెరికా చట్టం. కాబట్టి రియాద్‌కి చేరిన డబ్బు చాలావరకు వాషింగ్టన్ ఖజానాకి రాకుండా పోయిన డబ్బు. 1951లో సౌదీ పౌరుల్ని ఈ పన్ను నుంచి తప్పించి జకాత్‌కి వదిలేశారు. విదేశీయుల మీద మాత్రం ఉంచారు, జీతాల మీద సహా. 1973-74లో చమురు ధర పెరిగి డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియని రోజులొచ్చాక, 1975లో విదేశీయుల జీతాల మీద పన్ను కూడా తీసేశారు. మనవాళ్ళు గల్ఫ్ విమానాలెక్కడం ఊపందుకున్న రోజులవే. "అక్కడ పన్నుండదురా" అన్న మాట మా ఊళ్ళో అరుగుల మీద పుట్టింది అప్పుడే.

ఇక 1988. అంతకు రెండేళ్ళ ముందు, 1986లో, చమురు ధర కుప్పకూలి పది డాలర్ల కిందకి వెళ్ళింది. ఆ మార్చిలో రాజు ఫహద్ ఈసారి బడ్జెట్ వేయలేను, ధర ఎంతుంటుందో తెలియనప్పుడు ఆదాయం ఎంతని రాయను అని ప్రకటించి వాయిదా వేశాడు. (మన ఆర్థిక మంత్రులు ఎవరూ ఇంత నిజాయితీగా మాట్లాడగా నేను వినలేదు.) 1988 బడ్జెట్‌కి వచ్చేసరికి లోటు పూడ్చడానికి బాండ్లు అమ్మి అప్పు చేయాల్సి వచ్చింది. దిగుమతి సుంకం పెంచారు. వాటితో పాటు జనవరి మొదట్లో ఇంకొకటి: విదేశీయుల జీతాల మీద ఆదాయపు పన్ను మళ్ళీ వేస్తున్నాం, గరిష్ఠంగా 30 శాతం.

ఆ వారం గురించి పెద్దాయన చెప్పింది ఇది. ఆయన అప్పుడు ఒక చిన్న ఆఫీసులో గుమాస్తా. మొదటి రోజు ఎవరూ నమ్మలేదు. రెండో రోజు ఇంగ్లీషు మాట్లాడే వాళ్ళంతా ఒకచోట చేరారు. మూడో రోజు ఆయన టైపు మిషన్ ఖాళీగా లేదు, రాజీనామా ఉత్తరాలు టైపు చేయించుకోవడానికి వరస కట్టారట. "నా జీవితంలో అంత మంది దొరలు నాకు చాయ్ తాగించడం అదొక్కసారే" అని నవ్వారు. మరి మీరు రాశారా అని అడిగితే, "నేనెక్కడ రాస్తాను? నా పాస్‌పోర్టు సేట్ బీరువాలో ఉండె" అన్నారు.

డాక్టర్లు, ఇంజనీర్లు, బ్యాంకుల వాళ్ళు కుప్పలు తెప్పలుగా వెళ్ళిపోతామంటే కొత్త ఆసుపత్రుల్ని ఎవరు నడుపుతారు? వారం తిరిగీ తిరగకుండానే రాజు ఆ ఉత్తర్వుని వెనక్కి తీసుకున్నాడు. శాసనసభ లేదు, చర్చ లేదు, కోత తీర్మానం లేదు, ఓటింగ్ లేదు. పోతాం అన్నారు, పన్ను పోయింది. అన్నవాళ్ళు ఎవరో, అనలేనివాళ్ళు ఎవరో మాత్రం కొంచెం గుర్తు పెట్టుకోండి.

ఇక్కడ మా తాతయ్యని తీసుకురాక తప్పదు. ఆయన రియాద్ పేరు కూడా వినలేదు గానీ, పన్ను గురించి నాకు తెలిసిన మొదటి మాటలన్నీ ఆయనవే.

తాతయ్య స్వతంత్ర పార్టీ మనిషి. 1959లో రాజాజీ పెట్టిన పార్టీ అది, మన రంగా గారు దానికి అధ్యక్షుడు. నెహ్రూ గారి సహకార వ్యవసాయం వద్దు, లైసెన్సులూ పర్మిట్లూ వద్దు, రైతు మీద బరువు వేయొద్దు అనేది వాళ్ళ పాట. ఆంధ్రప్రదేశ్ శాసనసభకి 1962లో 19 మంది, 1967లో 29 మంది ఆ పార్టీ నుంచి గెలిచారు. రెండోసారి కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ అదే. మా వైపు దానికి పెద్ద దిక్కు సర్దార్ గౌతు లచ్చన్న. ఎంతగా అంటే, 1967లో శ్రీకాకుళం లోక్‌సభ సీటుని తాను గెలిచి, గురువుగారు రంగా కోసం వదిలేశారు. పెద్ద భూస్వాముల పార్టీ అని దానికి పేరుండేది, అందులో నిజమూ ఉంది. కానీ గీత కార్మికుల కోసం బతుకంతా కొట్లాడిన లచ్చన్న కూడా ఆ బల్ల మీదే కూర్చున్నాడు. మా తాతయ్యకున్నది రెండెకరాల మెట్ట, అరెకరం పల్లం. ఆయన ఏ భూస్వామీ కాదు. శిస్తు కట్టడం ఇష్టంలేని మామూలు రైతు, అంతే.

ఆ రోజుల్లోనే, 1962లో, రాష్ట్ర ప్రభుత్వం భూమిశిస్తు మీద అదనపు శిస్తు వేస్తూ ఒక చట్టం చేసింది. అందులో ఎకరానికి కనీసం ఇంత అని ఒక రేటు పెట్టారు. పల్లం భూమికైతే నీళ్ళిచ్చే చెరువో కాలవో ఎంత ఆయకట్టుదో చూసి రేటు. ఆ ఎకరంలో పండేది ఇరవై బస్తాలా రెండు బస్తాలా అన్నది లెక్కలోకి రాదు. రైత్వారీ పద్ధతిలో నేల సారాన్ని బట్టి శిస్తు కట్టడం అంతకుముందు ఉన్న సంప్రదాయం. దాన్ని పక్కన పెట్టేశారు. రైతుకి నోటీసు ఇవ్వాలనీ, అతని మాట వినాలనీ కూడా చట్టంలో సరిగా రాయలేదు. కొందరు రైతులు కోర్టుకెళ్ళారు. హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1967లో నల్లా రాజారెడ్డి కేసుగా అది తేలింది. మంచి నేలనీ చవిటి నేలనీ ఒకే గాటన కట్టడం సమానత్వ హక్కుకి విరుద్ధం అని ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు చెప్పారు. ఆయన రాజమండ్రి మనిషి. అదే ఏప్రిల్లో పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు, జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. నిలబెట్టిన వాళ్ళలో స్వతంత్ర పార్టీ కూడా ఉంది. న్యాయమూర్తి కుర్చీలోంచి నేరుగా పోటీకి దిగడం బాగుందా అంటే నాకు బాగోలేదు. తీర్పు మాత్రం బాగుంది.

తాతయ్యకి ఈ కేసు పేరు తెలియదు. శిస్తు తగ్గిందని తెలుసు. "మన నేల ఎలాంటిదో అడగకుండా ఎలా ఏస్తారు?" అన్నది ఆయన ప్రశ్న. శాసనసభలో ఆయన పంపిన మనిషి ఉన్నాడు, అక్కడ పని కాకపోతే కోర్టు ఉంది, ఆ రెండింటి మీదా ఆయనకి నమ్మకముంది. నేను అమెరికా ప్రాజెక్టుల్లో పనిచేసినప్పుడు అక్కడి రాష్ట్రాల సభల్లో పన్ను అనగానే చేయి అడ్డం పెట్టే పెద్దమనుషుల్ని టీవీలో చూసి, అచ్చం తాతయ్యే అనుకునేవాణ్ణి. వాళ్ళతో నేను చాలా విషయాల్లో ఏకీభవించను. స్కూలుకీ ఆసుపత్రికీ డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో వాళ్ళెవరూ సరిగా చెప్పరు. తాతయ్యా చెప్పలేదు. కానీ ఆ ప్రశ్న అడిగే చోటు ఒకటి ఉండడం ఎంత విలువైనదో నాకు రియాద్‌లోనే తెలిసింది.

సౌదీలో అలాంటి సభకి దగ్గరగా ఉన్నది షూరా. 1992లో ఫహద్ రాసిచ్చిన శాసనంతో ఏర్పడింది. 1993లో 60 మందితో మొదలై 2005కి 150 మంది అయ్యారు, 2013 నుంచి 30 మంది ఆడవాళ్ళు కూడా. అందరినీ రాజే నియమిస్తాడు. వాళ్ళు చర్చిస్తారు, సలహా చెబుతారు, ఓటు వేస్తారు. బడ్జెట్ మాత్రం మంత్రివర్గానిదీ రాజుదీ. ఉలేమా ఫత్వాలాగే, చెప్పొచ్చు.

2016 చివర్లో ఆ షూరాలోంచి ఒక ప్రతిపాదన బయటికొచ్చింది. సభ ఆర్థిక సంఘానికి అంతకుముందు అధ్యక్షుడిగా ఉన్న హుసాం అల్-అంగరీ పెట్టింది. విదేశీయులు ఇంటికి పంపే డబ్బు మీద మొదటి ఏడాది 6 శాతం రుసుము, ఏటేటా తగ్గించుకుంటూ ఐదో ఏడాదికి 2 శాతం. డబ్బు దేశం దాటిపోకుండా ఇక్కడే ఖర్చు కావాలి, ఇక్కడే పెట్టుబడి కావాలి అని వాదన. ఆయన వైపు నుంచి చూస్తే అది కూడా ఖజానాని కాపాడే మనిషి మాటే. 2014 నుంచి చమురు మళ్ళీ పడింది కదా.

ఆ వార్త వచ్చిన శుక్రవారం బతాలో నేనున్నాను. డబ్బులు పంపే దుకాణం ముందు మామూలు కంటే రెండింతల వరస. కవిటి నుంచి వచ్చిన ఒకాయన, నేను చిన్నాన్న అని పిలిచేవాడు, నన్ను పక్కకి లాగి అడిగాడు.

"ఏటి బాబూ, పంపిన డబ్బులకి కూడా పన్నేస్తారంట గదా? నువ్వు కంప్యూటర్లో సూసినావా?"

"ఇంకా వేయలేదు చిన్నాన్నా, ఎవరో సభలో అన్నారంతే."

"సభలో అన్నాక ఎయ్యకుంటారేటి?"

ఆయన జీతం 1400 రియాళ్ళు. వెయ్యి పంపేవాడు. 6 శాతమంటే నెలకి 60. నేను వేళ్ళ మీద లెక్క కట్టి చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మనోళ్ళు హుండీకెల్లిపోతారు" అన్నాడు. ఆర్థిక శాస్త్రం చదువుకున్నవాళ్ళు ఈ ప్రతిపాదనకి చెప్పిన అభ్యంతరాల్లో పెద్దది అదే. బ్యాంకులోంచి వెళ్ళే డబ్బు హవాలాలోకి పోతుంది అని. చిన్నాన్న అర నిమిషంలో తేల్చేశాడు. 2017 జనవరిలో ఆర్థిక శాఖ, పంపే డబ్బు మీద ఎలాంటి రుసుమూ వేయబోమని ప్రకటించింది. పెట్టుబడి స్వేచ్ఛగా రావాలంటే స్వేచ్ఛగా పోనివ్వాలి కూడా అని వాళ్ళకీ తెలుసు. బతాలో ఆ వారం స్వీట్లు పంచుకున్నారని చెప్పను గానీ, వరస మాత్రం మామూలుగా అయింది.

అసలు దెబ్బ అదే ఏడాది జులైలో ఇంకో దారిన వచ్చింది. కుటుంబ రుసుము. విదేశీయుడి మీద ఆధారపడి ఉన్న ఒక్కొక్కరికి నెలకి 100 రియాళ్ళు. 2018 జులైకి 200, 2019కి 300, 2020కి 400. అప్పట్లో ఇకామా రెన్యువల్ అప్పుడే ఏడాదిది ముందుగా కట్టాల్సి వచ్చేది. దానితో పాటు 2018 జనవరి నుంచి 5 శాతం వ్యాట్, అది 2020 జులైలో 15 శాతం అయింది, సౌదీలకీ మనకీ ఒకటే. కంపెనీలు ఒక్కొక్క విదేశీ పనివాడి మీద కట్టే రుసుము వేరే, 2018లో నెలకి 300-400తో మొదలై 2020కి 700-800.

ఏడాది డబ్బు ఒక్కసారి కట్టలేమని జనం గోల పెడితే, మా క్లయింటు తానే ముందు కట్టి పన్నెండు వాయిదాల్లో జీతంలోంచి కోసుకోవడానికి ఒప్పుకుంది. ఆ కోత సాఫ్ట్‌వేర్‌లో పెట్టాల్సింది నేను. రేట్ల పట్టిక ఎక్కించి, పరీక్షించడానికి ఒక ఉద్యోగి వివరాలు కావాలి కదా, నావే ఇచ్చాను. భార్య, ఇద్దరు పిల్లలు. నెలకి 300, ఆ తర్వాత 600, 900, 1200. ప్రోగ్రాం తప్పుల్లేకుండా నడిచింది. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివి, "పరీక్షలు మార్చికి అయిపోతాయి" అంది. అంతకంటే చర్చ జరగలేదు మా ఇంటి సభలో.

1988లాగా ఈసారి ఎవరూ రాజీనామాలు టైపు చేయించలేదు. పెద్ద జీతాల వాళ్ళకి కంపెనీలు కట్టాయి. మధ్యలో ఉన్న నాలాంటి వాళ్ళు కుటుంబాల్ని పంపేసి తాము ఉండిపోయారు. ఆ పన్ను వేసినవాళ్ళకి ఇందులో నష్టమేమీ లేదు. కడితే డబ్బు వస్తుంది, పోతే స్కూళ్ళూ ఆసుపత్రులూ కాస్త ఖాళీ అవుతాయి, పని మాత్రం ఆగదు. 1988లో ఆ పన్ను పడింది పనిచేసే మనిషి మీద. 2017లో పడింది అతని పక్కన ఉండే మనుషుల మీద. ఈ తేడా ఎవరు కనిపెట్టారో గానీ తెలివైన వాళ్ళు.

2018 ఏప్రిల్లో ఒక రాత్రి విమానానికి మావాళ్ళని ఎక్కించాను, ఫైనల్ ఎగ్జిట్ ముద్రతో. చిన్నది, ఆరేళ్ళది, తన స్కూలు సంచీ చేతిలోనే పట్టుకుంటానంది. ఆ శుక్రవారం ఇంట్లో ఉండలేక బతాకి వెళ్ళాను. చిన్నాన్న ఎప్పటిలాగే గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయిందల్లా ఒక్కదానికే.

"ఇన్నాళ్ళూ నీ పిల్లలు నీ కాడే ఉన్నారేటి బాబూ?"

ఆయన అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా సౌదీలో ఉన్నాడు. కుటుంబాన్ని తెచ్చుకోగల ఉద్యోగం కాదు ఆయనది. అందుకే ఆ కొత్త రుసుము సంగతి ఆయనకి తెలియనే తెలియదు. రెండు రియాళ్ళు పెట్టి నాకు టీ తెచ్చి ఇచ్చాడు, వరసలో తన చోటు పోకుండా చూడమని చెప్పి.